వీరగల్లుల సీమనుండి విశాఖ తీరమునకు

సముద్రమును పటమునందే చూచి పెరిగిన కడప, కర్నూలు సీమలవారికి నౌకాదళపు సంగతి యేమి యెఱుక యని పరిహసించువారు, నాడు పడవలు నడుపుటకును గూడ త్రవ్వించిన కె.సి. (కర్నూలు–కడప) కాలువను మఱచిరి కాబోలు. అది యటుండనిండు. ఊరికొఱకో, ఆలమందకొఱకో పోరి కూలినవానికి శిల నెత్తి, చేతి కత్తితో సహా వాని రూపమును చెక్కించిన వీరగల్లుల సీమ మాది. కావున 1971 యుద్ధవిజయమునకు గుర్తుగా విశాఖ సముద్రతీరమున 1996లో నిలిపిన స్మారకముకంటె, ఆ దాపుననే 2002లో ప్రదర్శనశాలయైన కుర్సురా జలాంతర్గామియే, మనుష్యుల జాడ యెక్కువగా నున్నది గనుక, మాకు ఆప్తముగా దోచును. 1969 మొదలు 2001 వఱకు సేవచేసిన ఆ యినుపగర్భమునందు టార్పెడోల చెంతనే యమర్చిన యిఱుకు పడకలను, ఒకరు తొలగిననేగాని వేఱొకరు సాగలేని నడవను చూచినవారికి, నావికుని శౌర్యము ఫిరంగిమ్రోతయందుకంటె సూర్యుని గాంచని దినముల నోర్చుటయందే యధికమని తెలియకపోదు. అదే తీరమున కావల 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి మునిగిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీలోనివారును ఇట్టి యిఱుకుననే బ్రతికి, అందే మరణించిరి. ఏటేట డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవము జరుపుకొనునపుడు ఆ శత్రునావికుల పేరను గూడ ఒక పూలమాలను నీట విడిచినచో మన విజయమునకు వచ్చు కొఱత యేమియు లేదని నా నిశ్చితాభిప్రాయము.