నీరు లేని లంకలు

ఒక రాజ్యాంగ సవరణ బిల్లు పార్లమెంటు ఉభయ సభలలోను ఒక్క వ్యతిరేక ఓటైనా లేకుండా నెగ్గడం మన రోజులలో అరుదైన సంగతి. 2015 మే 6న రాజ్యసభలో, మరునాడు లోక్‌సభలో ఆ విశేషం జరిగింది. భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య భూఖండాల మార్పిడిని ధ్రువీకరించిన ఆ బిల్లు నూరవ రాజ్యాంగ సవరణ చట్టమయింది. దాని ఫలితంగా మన దేశం నికరంగా వదులుకున్న భూమి సుమారు పది వేల ఎకరాలు. గజం నేల కోసం గ్రామాలు రెండుగా చీలిపోయే దేశంలో ఇంత భూమి హర్షధ్వానాల మధ్య చేయి మారింది. రాజధాని విలేఖరులం ఆ రాత్రి దానిని దౌత్య విజయమని రాసి పంపాము. విజయమే, కాదనను. కాని 1974లో సంతకాలైన ఒప్పందానికి 2015 దాకా మోక్షం ఎందుకు కలగలేదన్న ప్రశ్నను మాలో ఎక్కువమంది వేయలేదు. వేయనివారిలో నేనూ ఒకడిని. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకోవలసి వచ్చింది. ఎందుకో చివరికి చెబుతాను.

గోదావరి తీరవాసులకు లంక అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. చుట్టూ నీరు, నడుమ నేల. ఉత్తర బెంగాల్‌లో నీరు లేని లంకలు ఉండేవి. చుట్టూ ఒక దేశం, నడుమ ఇంకొక దేశపు ఊరు. వాటిని అక్కడివారు ఛిట్‌మహళ్లు అన్నారు. ఛిట్ అంటే తునక, మహల్ అంటే శిస్తు కట్టే భూభాగం. మార్పిడికి ముందు బంగ్లాదేశ్ నడుమ మన ఛిట్‌మహళ్లు 111, మన నేల నడుమ వారివి 51. మొత్తం 162. వీటిలో కొన్నింటి లోపల మళ్లీ తునకలున్నాయి. దహలా ఖగ్రాబాడీ అనే చోట రెండెకరాలైనా లేని భారత భూమి ఉండేది. దాని చుట్టూ బంగ్లాదేశ్ గ్రామం, ఆ గ్రామం చుట్టూ భారత గ్రామం, దాని చుట్టూ బంగ్లాదేశ్. ప్రపంచంలో మరెక్కడా లేని ఈ వింతను భూగోళ శాస్త్రజ్ఞులు అబ్బురంగా చెప్పుకునేవారు. జనపనార పండించుకునే ఆ నేల రైతుకు తాను వింతనని తెలుసునో లేదో!

కూచ్ బిహార్ మహారాజు, రంగపూర్ ఫౌజుదారు చదరంగమాడి గ్రామాలను పందెం ఒడ్డారని, గెలిచినవారికి గెలిచిన ఊళ్లు దక్కాయని ఒక కథ ఉన్నది. జూదంలో రాజ్యాలు పోగొట్టుకున్న కథ మన జాతికి పుట్టుకతో వచ్చినదే గనుక అందరూ దానిని ఇట్టే నమ్మారు. అసలు సంగతి అంత రక్తిగా ఉండదు. పద్దెనిమిదవ శతాబ్ది ఆరంభంలో మొగలు సేనలు కూచ్ బిహార్ రాజ్యంలోని బోదా, పాట్‌గ్రామ్, పూర్వభాగ్ చక్లాలను ఆక్రమించాయి. 1713 ప్రాంతాన సంధి కుదిరింది. సంధి కుదిరేనాటికి ఆ చక్లాలలో కొన్ని ఊళ్లు ఇంకా కూచ్ బిహార్ సర్దారుల చేతుల్లోనే ఉన్నాయి. అటు కూచ్ బిహార్‌లో కొన్ని ఊళ్లు మొగలు సైనికుల వశమై ఉన్నాయి. ఎవరి ఊరు వారిదే అన్నారు. శిస్తు ఎవరికి కట్టాలన్నదే తేడా. రైతు సంతకు వెళ్లడానికి, పిల్లనివ్వడానికి, వైద్యుడిని పిలవడానికి ఆ తేడా అడ్డు రాలేదు. రెండు వందల ఏళ్లకు పైగా అదే తీరు.

1947లో రాడ్‌క్లిఫ్ బెంగాల్ రాష్ట్రాన్ని చీల్చాడు. రంగపూర్ తూర్పు పాకిస్తాన్‌కు పోయింది. కూచ్ బిహార్ సంస్థానం గనుక ఆయన గీతకు అది వెలుపలి విషయం. 1949లో ఆ సంస్థానం భారతదేశంలో చేరింది, 1950 జనవరి 1న పశ్చిమ బెంగాల్‌లో జిల్లా అయింది. మహారాజుతోబాటు ఆయన తునకలన్నీ మనవయ్యాయి. 1952లో రెండు దేశాల నడుమ పాస్‌పోర్టు, వీసా పద్ధతి రావడంతో తునకలు చెరసాలలయ్యాయి.

ఆ చెరసాల పద్ధతి ఎంత చిత్రమైనదో చూడండి. బంగ్లాదేశ్ నడుమనున్న భారత పౌరునికి పాస్‌పోర్టు కావాలంటే భారతదేశంలోని కార్యాలయానికి రావాలి. రావాలంటే బంగ్లాదేశ్ నేల మీదుగా నడవాలి. నడవాలంటే పాస్‌పోర్టు ఉండాలి. కనుక కాలు బయటపెట్టిన ప్రతివాడూ నేరస్థుడే. పోలీసు రాడు, ఎందుకంటే అది పరాయి దేశం. సొంత దేశపు పోలీసు రాలేడు, ఎందుకంటే దారిలో పరాయి దేశం. కరెంటు తీగలు ఊరి మీదుగా పోయేవి గాని ఊళ్లో దిగేవి కావు. బడిలో చేర్చడానికి బిడ్డకు అవతలి ఊరివానిని తండ్రిగా రాయించేవారు. కాన్పు కోసం ఆసుపత్రికి వెళ్లిన స్త్రీ వేరొకరి భార్యనని చెప్పుకోవలసి వచ్చేది. పరువు గల ఇల్లాలికి అంతకంటె అవమానం ఏముంటుంది?

ఈ దుస్థితికి భూగోళమే కారణమని ఢిల్లీలో చాలాకాలం చెబుతూ వచ్చారు. నేనొప్పుకోను. తెలుగువారికి యానాం తెలుసు. నాలుగు వైపులా ఆంధ్ర నేల, నడుమ పుదుచ్చేరి పాలన. దానిదీ ఛిట్‌మహల్ పోలికే. ఫ్రెంచివారి హయాంలో అది పరాయి దేశమే. శారదా చట్టం వచ్చాక మన వారు బాల్యవివాహాలు జరిపించడానికి అక్కడికి తరలివెళ్లేవారు. కల్యాణపురమని దానికి పేరు కూడా పడింది. ఆ పని మెచ్చుకోదగినది కాదు, కాని రాకపోకలు ఎంత సులువుగా ఉండేవో దానివల్ల తెలుస్తున్నది. 1954లో ఫ్రెంచి పాలన పోయింది, 1962లో చట్టరీత్యా విలీనం పూర్తయింది. ఇవాళ గీత దాటినవారికి కనిపించే పెద్ద తేడా మద్యం సీసా ధర మాత్రమే. లంకలో ఉన్నంత మాత్రాన ఎవరూ అనాథలు కారు. గీతకు ఇరువైపులా ఉన్న ప్రభుత్వాలు మనిషిని గుర్తించకపోతేనే అవుతారు.

గుర్తించడానికి అవకాశాలు లేకపోలేదు. 1958లో నెహ్రూ, ఫిరోజ్ ఖాన్ నూన్ మార్పిడికి అంగీకరించారు. బేరూబాడీ విషయమై వివాదం రేగింది. దేశభూమిని వదులుకోవాలంటే రాజ్యాంగాన్ని సవరించవలసిందేనని 1960లో సుప్రీంకోర్టు చెప్పింది. తొమ్మిదవ సవరణ చేశారు గాని అమలు చేయలేదు. 1974 మే 16న ఇందిరాగాంధీ, ముజీబుర్ రహమాన్ కొత్త ఒప్పందం మీద సంతకం చేశారు. బంగ్లాదేశ్ అదే సంవత్సరం తన రాజ్యాంగాన్ని సవరించి దానిని ధ్రువీకరించింది. మనం చేయలేదు. సరిహద్దు గుర్తింపు పూర్తి కాలేదన్నది మన సాకు. నాలుగు వేల కిలోమీటర్లకు మించిన సరిహద్దులో మిగిలింది సుమారు ఆరు కిలోమీటర్లు! 1984 ఎన్నికలలో కాంగ్రెస్‌కు లోక్‌సభలో నాలుగు వందలకు పైగా స్థానాలు దక్కాయి. తలచుకుంటే రాజ్యాంగ సవరణ ఒక పూట పని. తలచుకోలేదు. ఛిట్‌మహళ్లకు ఓట్లు లేవు గనుక తలచుకునే అవసరం ఎవరికీ కలగలేదు. దహగ్రామ్, అంగర్‌పోతాలకు దారిగా తీన్ బిఘాను లీజుకివ్వడానికే 1992 దాకా పట్టింది. 178 మీటర్ల పొడవు, 85 మీటర్ల వెడల్పు గల ఆ దారి ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండడానికి 2011 రావలసి వచ్చింది.

నన్ను అన్నిటికంటె కలచిన సంగతి వేరే ఉన్నది. 1997లో ఉభయ దేశాల అధికారులు ఛిట్‌మహళ్ల పట్టికలను సరిచూసుకున్నారు. మనవి 17,160.63 ఎకరాలు, వారివి 7,110.02 ఎకరాలు. ఎకరంలో నూరోవంతు దాకా లెక్క తేల్చారు. ఆ నేల మీద ఎంతమంది బతుకుతున్నారన్నది మాత్రం ఉభయులూ కలిసి లెక్కించింది మరి పద్నాలుగేళ్లకు, 2011 జూలైలో. మొత్తం 51,549 మంది అని తేలింది. అంతవరకు మన పార్లమెంటులో, పత్రికలలో నడిచిన వాదమంతా ఎకరాల వాదమే. 2013 డిసెంబరులో రాజ్యసభలో బిల్లును ప్రవేశపెట్టినప్పుడు అసోం గణపరిషత్, తృణమూల్ సభ్యులు అడ్డుపడ్డారు. నాడు ప్రతిపక్షంలో ఉన్న భారతీయ జనతా పార్టీ కూడా సమ్మతించలేదు. అధికారంలోకి వచ్చి అదే బిల్లును అదే పార్టీ నెగ్గించింది. పార్టీల మనసు మారడాన్ని తప్పుపట్టను. ఈ ఒక్క విషయంలో మారినందుకు సంతోషమే.

2015 జూలై 31 అర్ధరాత్రి మార్పిడి జరిగింది. ఎవరు ఏ దేశం కోరుకుంటారో అడిగారు. మన నడుమనున్న వారి ఛిట్‌మహళ్లలోని పద్నాలుగు వేలమందిలో ఒక్కరూ బంగ్లాదేశ్‌కు వెళ్లలేదు. అటువైపు మన ఛిట్‌మహళ్లలోని ముప్పయిఏడు వేలమందిలో వేయిమందికి లోపు భారతదేశానికి వచ్చారు. తక్కినవారు పుట్టిన ఊరిని విడువలేదు. జెండా కంటె పొలం దగ్గరిదని వారనుకున్నారు. ఇందులో దేశభక్తి లోపమేమీ నాకు కనిపించడం లేదు. వచ్చినవారిని దిన్‌హటా, మేఖ్లీగంజ్, హల్దీబాడీలలో రేకుల షెడ్లలో దింపారు. సొంత పొలాలు విడిచి వచ్చినవారు ఆ షెడ్లలో ఏళ్ల తరబడి కాలం గడిపారు. 2016 శాసనసభ ఎన్నికలలో ఈ కొత్త పౌరులు మొదటిసారి ఓటు వేశారు.

ఇక మొదట చెప్పిన బాకీ. 2025 నవంబరులో పశ్చిమ బెంగాల్‌లో ఓటర్ల జాబితాల ప్రత్యేక సమగ్ర సవరణ మొదలైనప్పుడు 2002 నాటి జాబితాను ప్రాతిపదికగా తీసుకున్నారు. ఆనాటి జాబితాలో తన పేరో, తలిదండ్రుల పేరో చూపగలవాడికి చిక్కు లేదు. మరి 2015లో పౌరుడైనవాడు ఏమి చూపగలడు? 2002లో అతని ఊరు చట్టరీత్యా వేరే దేశం. అతని బడి కాగితంలో తండ్రి పేరు అబద్ధం, తల్లి ఆసుపత్రి చీటీలో భర్త పేరు అబద్ధం. ఆ అబద్ధాలు ఆడించినవి రెండు ప్రభుత్వాలు. ఇప్పుడు నిజమైన కాగితం తెమ్మని అడగడానికి వాటికి ముఖం ఉండాలి.

అధికారులు దయతలచి ఒక్కొక్కసారి ఇచ్చే మినహాయింపు వీరికి చాలదు. ఈసారి ఇచ్చినవారు వచ్చేసారి ఉండకపోవచ్చు. 2011 లెక్కలోను, 2015 నాటి మార్పిడి జాబితాలోను పేరున్నవారికి, వారి సంతానానికి ఆ పత్రమే పౌరసత్వానికి తిరుగులేని రుజువని కేంద్రం నియమావళిలో రాయాలి. ఖర్చు లేని పని, రాజ్యాంగ సవరణ అక్కరలేని పని. పార్లమెంటులో ఎవరైనా ప్రశ్న వేస్తే కదలిక రావచ్చునని మన సభ్యులలో ఇద్దరితో ప్రస్తావించాను. ఒకరు ఓపికగా విని నోట్ పంపమన్నారు. రెండవవారు, ఛిట్‌మహల్ అన్నది ఏ మహారాజు కట్టించిన మహలని అడిగారు.