ఓర్పు కాదు, మందు కావాలి

గత ఏడాది మా అక్క కొడుక్కి హెర్నియా ఆపరేషన్ అయింది. మూడేళ్లవాడు, 12 కిలోలు. మధ్యాహ్నానికి మత్తు దిగింది. కాళ్లు కడుపులోకి ముడుచుకుని, ఎవరెత్తుకున్నా ఊరుకోకుండా ఏడుపు. నొప్పికి ఏదైనా ఇవ్వమని అక్క అడిగితే, డ్యూటీలో ఉన్నావిడ కేస్ షీట్‌లో మా కాలనీ పేరు చూసి, "చిన్న ఆపరేషనే కదా, మీ పిల్లలు గట్టిపిండాలు, ఓర్చుకుంటారులే" అంది. సాయంత్రం నేను వెళ్లి ఇంగ్లీషులో అడిగాను. పది నిమిషాల్లో పారాసెటమాల్ సిరప్ వచ్చింది. అంటే మందు లేక కాదు, ఇవ్వాలనిపించక.

"గట్టిపిండం" అనేది పొగడ్త కాదు. శ్రమ చేసే కులాల ఒంటికి నొప్పి తక్కువన్న పాత నమ్మకం. అమెరికాలో 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూసిందీ ఇదే: నల్లవారి చర్మం మందమనే లాంటి అపోహలను నమ్మిన తెల్లజాతి వైద్య విద్యార్థులు నల్లవారి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. మనకిది కొత్త కాదు. కథియవార్‌లో బాలింతను ముట్టుకోకుండా థర్మామీటర్‌ను మరొకరి చేతికిచ్చిన డాక్టర్ గురించి బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు. ఆమె చనిపోయింది.

మాటలు రాని పిల్లల నొప్పి ఎలా తెలుస్తుందంటారా? ఫ్లాక్ స్కేల్ ఉంది. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం: ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. దానికి యంత్రం అక్కర్లేదు, పిల్లాడి వైపు చూస్తే చాలు. పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన, డాక్టర్ రాసిన ప్రకారం, ఆరు గంటలకోసారి ఏడుపు కోసం ఎదురుచూడకుండా ఇవ్వొచ్చు. మందులంటే ప్రమాదం అంటారు. కోడీన్ 12 ఏళ్లలోపు పిల్లలకు వద్దని 2017లో అమెరికా ఎఫ్‌డీఏ చెప్పింది, నిజమే. అది కోడీన్ మానడానికి కారణం, పిల్లాణ్ని ఏడవనివ్వడానికి కాదు.

సిబ్బంది కొరత కూడా నిజమే. ఆ కొరతలో ముందుగా ఎవరి మందు ఆగిపోతోందన్నదే నా ప్రశ్న. పిల్లల వార్డుల్లో నొప్పి స్కోరును జ్వరం, నాడితో పాటు కేస్ షీట్‌లో రాయాలి. ఎవరి పిల్లలకు మందు వేళకు అందిందో సామాజిక వర్గాలవారీగా లెక్క తీయాలి. వైద్య విద్యార్థులారా, పరిశోధకులారా, ఈ పని మనం మొదలుపెట్టొచ్చు. మా అక్కకు ఇంగ్లీషు రాదు. ఆమె కొడుకు నొప్పి తగ్గడానికి అది రావాల్సిన అవసరం ఉండకూడదు.

జై భీమ్.