తలవ్రాత – సీసావ్రాత

తలవ్రాతను చదువగలవాడు లోకమున లేడని పెద్దలు చెప్పుదురు. నేడు తలకు రాచుకొను నూనెసీసామీది వ్రాతయు నట్టిదే యైనది. బ్రహ్మ వ్రాసినదానికి లిపి తెలియదు. వర్తకుడు వ్రాసినదానికి లిపి తెలిసినను భాష తెలియదు. భాష తెలిసినను ఆ చీమతలకాయ లంతటి యక్షరములు కంటి కానవు. మొదటిదానికి మనము చేయగలది లేదు. రెండవది మానవకల్పితము; కావున మానవప్రయత్నముచేత సవరింపదగినదే.

తలనూనె సంపాదకీయమునకు తగిన విషయమా యని కొందరు పాఠకులు నవ్వవచ్చును. వస్తువు స్వల్పమే. కాని పసిబిడ్డ మాడు మొదలు ముదుసలి నెరసిన తలవరకు నిత్యము తాకునది, పేదవాడును కొనక తప్పనిది, యేదియు స్వల్పము కాదు. ఉప్పును స్వల్పవస్తువే, 1930లో దండియొడ్డున పిడికెడు ఉప్పే యొక సామ్రాజ్యమును నిలువదీసినది.

మేము మొన్న బజారునుండి యైదు వస్తువులు తెప్పించి బల్లపై నుంచి పరిశీలించితిమి. ఒక కొబ్బరినూనె సీసా, ఉసిరికాయల బొమ్మగల యొక తలనూనె సీసా, ఒక షాంపూ సీసా, ఒక రూపాయి షాంపూ పొట్లము, ఒక గుప్పెడు కుంకుడుకాయలు. మొదటి సీసాపై నున్నది కొబ్బరినూనె యను నొక్కమాటయే. రెండవ సీసాముందు నిగనిగలాడు ఉసిరికాయలు. వెనుక జాబితాలో మొట్టమొదటి పేరు మినరల్ ఆయిల్, ఉసిరిసారము చాల దిగువను. మూడవదానిలో మొదట నీరు, తరువాత సోడియం లారెత్ సల్ఫేట్, ఆపైన పదునైదు ఇరువది పేర్లు. నాలుగవదానిపై జాబితాయే లేదు. ఐదవదానికి జాబితా యక్కరయే లేదు.

ఈ జాబితాను చదువుట కొక సూత్రమున్నది. 2020 నాటి సౌందర్యసాధనముల నిబంధనల ప్రకారము, నూటికి ఒకవంతు మించియున్న ద్రవ్యములను ఎక్కువనుండి తక్కువకు వరుసగా వ్రాయవలయును. ఒకవంతును, అంతకు తక్కువయు నున్నవానిని తుదిని ఏ వరుసనైనను వ్రాయవచ్చును. కావున మొదట నున్నదే సీసాలోని ముఖ్యద్రవ్యము. తోకన నున్నది చిటికెడు. ముఖచిత్రమున నున్న ఉసిరికాయ ఎన్నవ స్థానమున నున్నదో చూచిన చాలును, ప్రకటనకును పదార్థమునకును గల దూరము తెలియును.

మినరల్ ఆయిల్ అనగా ముడిపెట్రోలియమునుండి తీసి శుద్ధిచేసిన నూనె. అది విషము కాదు. రంగు, వాసన లేనిది; ముక్కిపోదు; చవుక. వెండ్రుకపై పొరవలె నిలిచి నిగనిగ నిచ్చును గాని లోనికి చొరదు. కొబ్బరినూనెలో నించుమించు సగము లారిక్ ఆమ్లము. దాని యణువు చిన్నది, తిన్ననిది యగుటచే వెండ్రుకలోనికి చొచ్చుకొనిపోవును. 2003లో ప్రకటితమైన యొక పరిశోధనమున కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చిచూడగా, వెండ్రుకలోని మాంసకృత్తుల నష్టమును కొబ్బరినూనె యొక్కటే తగ్గించినదని తేలినది. ఆ పరిశోధకులు కొబ్బరినూనె నమ్ము సంస్థలోని వారే యని కూడ చెప్పుట న్యాయము. సాక్షికి లాభమున్నంతమాత్రమున సాక్ష్యము అబద్ధము కాదు. కాని ఆ సంబంధమును తెలిసికొనియే దానిని తూచవలయును.

స్వదేశీయమైనదెల్ల అమృతమనియు, తక్కినదెల్ల విషమనియు వాదించుట మా యుద్దేశము కాదు. షాంపూ అను మాటయే ఒత్తుట, మర్దించుట యను నర్థముగల హిందీపదమునుండి ఇంగ్లీషులోనికి పోయి, వేషము మార్చుకొని తిరిగివచ్చినది. కుంకుడునురుగు చేయు పనియు షాంపూనురుగు చేయు పనియు నొక్కటియే. కుంకుడులోని సాపోనిన్, షాంపూలోని సల్ఫేట్, రెండును ఒకకొనతో జిడ్డును, మరియొక కొనతో నీటిని పట్టుకొని మురికిని కడిగివేయును. కుంకుడురసము కంటబడిన నెట్లుండునో తెలుగింట పెరిగిన ప్రతిబిడ్డకును తెలియును. చుండ్రునకు ముఖ్యకారణమగు మలసేజియా యను సూక్ష్మజీవి తలపై జిడ్డును తిని బ్రదుకునది. అట్టి తలకు నూనె మీద నూనె పట్టించుట కొన్ని వేళల వ్యాధిని పోషించుటయే యగును. అచ్చట కీటోకోనజోల్ వంటి మందుగల షాంపూయే హితము. మా వాదము ఒక్కటే: ఏది కొనుచున్నామో తెలిసి కొనవలయును.

తెలియనిచ్చుటలేదు. ఇదియే మా యభియోగము. 60 మిల్లీలీటర్లకు తక్కువయగు ద్రవములకును, 30 గ్రాములకు తక్కువయగు ముద్దలు, పొడులు మున్నగువానికిని జాబితా వేయనక్కరలేదని పై నిబంధనలే మినహాయింపు నిచ్చినవి. కిరాణాదుకాణముల ముందర తోరణములవలె వ్రేలాడు షాంపూపొట్లములను కొనువా రెవరు? దినకూలి, రైతుకూలి, నెలకు పెద్దసీసా కొనలేని గృహిణి. పెద్దసీసా కొనగల ధనికునికి జాబితా చదువు హక్కు. రూపాయి పొట్లము కొను పేదకు అదియు లేదు. సీసా కొలతనుబట్టి హక్కు కొలువబడుచున్నది.

పోనీ, పెద్దసీసాపై నున్న జాబితాయైన నెవరికి? పొట్లముగట్టిన వస్తువులపై పరిమాణము, ధర మొదలగు వివరములు హిందీలోగాని ఇంగ్లీషులోగాని యుండవలయునని తూనికలు కొలతల నిబంధనలు చెప్పుచున్నవి. ఇతరభాషలు అదనముగా వేసిన అడ్డులేదట. అడ్డులేకపోవుట హక్కు కాదు. ప్రకటన మాత్రము చక్కని తెలుగున, పాటతో సహా, మన యింటిలోనికి వచ్చును. కొనుమని చెప్పుటకు తెలుగు పనికివచ్చినది. కొన్నదేదియో చెప్పుటకు పనికిరాలేదు!

సీసావ్రాత విలువ ప్రభుత్వమునకు తెలియదా యన్న, బాగుగనే తెలియును. చిన్నసీసాలలోని శుద్ధమైన కొబ్బరినూనె వంటనూనెయా, తలనూనెయా యను పన్నుల వివాదము సుప్రీంకోర్టుదాక పోయినది. 2018లో నిరువురు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయము లీయగా, 2024 డిసెంబరు 18న మువ్వురి ధర్మాసనము తీర్పు చెప్పినది. సీసా చిన్నదైనంతమాత్రమున నది తలనూనె కాదనియు, అట్లనుటకు సీసాపై నట్టి వ్రాత మొదలగు గుర్తులుండవలయుననియు దాని సారము. అప్పుడు వంటనూనెపై జి.యస్.టి. నూటికి 5, తలనూనెపై 18. 2025 సెప్టెంబరు 22 నుండి తలనూనెపైనను 5 యే యగుటచే ఆ భేదము తొలగినది. కాని గమనింపుడు: పన్ను రాబడి ప్రశ్న వచ్చినపుడు సర్కారు సీసాపై ప్రతియక్షరమును ఏండ్లకొలది చదివి వాదించినది. ప్రజల తల ప్రశ్న వచ్చినపుడు ఆ యక్షరము లేకున్నను, తెలియని భాషలో నున్నను, దానికి చింత లేదు.

కావున మేము కోరునవి మూడు. చిన్నపొట్లముల మినహాయింపును తీసివేయవలయును. పొట్లముపై చోటు చాలదన్న, పొట్లముల పట్టీపైనైనను జాబితా ముద్రింపవలయును. తెలుగుదేశమున నమ్ముడగు ప్రతి సీసాపైనను జాబితా తెలుగున నుండవలయును. ఏ కాయ బొమ్మను, ఏ యాకు బొమ్మను ముందు వేసిరో, అది లోపల నూటి కెంతపా లున్నదో ఆ బొమ్మ ప్రక్కనే వ్రాయవలయును. ఇందు వర్తకునికి నష్టమేమి? నిజముగా ఉసిరి పోసినవానికి ఇది ఉచితమైన ప్రకటన.

చట్టము మారువరకు చేతులు ముడిచి కూర్చుండ నక్కరలేదు. ప్రతి పఠనమందిరమునను ఒక కాగితముపై తరచుగా కనబడు పదిపేర్లకు తెలుగున అర్థము వ్రాసి గోడ కంటింపవచ్చును. నాడు స్వదేశీవ్రతము పట్టినవారు దుకాణమున ‘ఇది ఎక్కడిది?’ యని యడిగిరి. నేడు మన మడుగవలసినది ‘ఇది దేనితో చేసినది?’ అని. ప్రశ్న మారినను అడుగు ధైర్య మొక్కటే. తలవ్రాతను తప్పింపలేకపోవచ్చును, తలకు రాచుకొనుదాని వ్రాతను చదివి తీరుదము.