తన శిష్యురాలి ఆటకు తనే ఆర్బిటరా?

జిల్లాల్లో చెస్ జీతాల మీద నడవదు, కొందరి ఓపిక మీద నడుస్తుంది. ఆదివారం స్కూలు హాలు అడిగి తాళం తీయించేది, బెంచీలు సర్దేది, క్లాకులకు బ్యాటరీలు కొనేది, రౌండు రౌండుకూ పెయిరింగులు గోడకు అంటించేది వీళ్లే. ఒకరు పీఈటీ సారు, ఒకరు రిటైరైన బ్యాంకు ఉద్యోగి, ఒకరు ఒకప్పుడు యూనివర్సిటీకి ఆడిన మనిషి. వరంగల్‌లో పుట్టిన ఎరిగైసి అర్జున్ 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్ నుంచి బంగారు పతకంతో వచ్చాడు. అదే ఏడాది డిసెంబరు రేటింగు జాబితాలో 2800 దాటాడు. అప్పటినుంచి ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఆశ ఇంకా పెరిగింది. నర్సింహులపేట నుంచో, పక్కనున్న తండా నుంచో ఒక పిల్ల టోర్నమెంటుకు వెళ్లి బోర్డు ముందు కూర్చోగలుగుతోందంటే అందులో ఈ సార్ల చెమట ఉంది.

అందుకే వాళ్లను ఏదైనా అడగడానికి నోరు రాదు. అయినా అడగాలి.

అండర్-11 ఆఖరి రౌండు అనుకోండి. రెండో బోర్డు మీద ఒక పాప గుర్రం మీద వేలు పెట్టి, ఏదో తట్టి చెయ్యి వెనక్కి తీసుకుని, బంటును జరిపింది. ఎదురుగా ఉన్న పిల్లాడు చెయ్యెత్తాడు. ముట్టుకున్న పావునే ఆడాలన్నది రూలు. ముట్టుకోలేదని పాప, ముట్టుకుందని వాడు. చూసిన మూడో మనిషి లేడు. ఆర్బిటర్ వచ్చాడు. ఆ పాప చెస్ నేర్చుకునేది ఆయన కోచింగ్‌లోనే. జిల్లా చెస్ సంఘానికి కార్యదర్శి కూడా ఆయనే. సాక్ష్యం లేదు కాబట్టి ఆట కొనసాగించమన్నాడు.

అది సరైన తీర్పే కావచ్చు. ఆ స్థానంలో ఎవరున్నా అదే చెప్పేవారేమో. కానీ కిటికీ అవతల నిలబడ్డ ఆ పిల్లాడి నాన్న దాన్ని ఈ జన్మలో నమ్మడు. పాప కప్పు తీసుకుంటే వెనక నుంచి ‘వాళ్ల సారే కదా’ అన్న మాట వినిపిస్తుంది. నిజాయితీగా గెలిచిన పదేళ్ల పిల్లకు ఆ మాట అంటగట్టింది ఎవరు? ఇక్కడ దొంగలెవరూ లేరు. తప్పుడు తీర్పును అప్పీలులో దిద్దుకోవచ్చు. సరైన తీర్పు కూడా నమ్మకం పోగొట్టుకుంటే దిద్దడానికి ఏమీ మిగలదు.

పత్రికలు పరస్పర విరుద్ధ ప్రయోజనాలని రాసేది ఇలాంటి వాటి గురించే. ఆ మాట చెవిన పడగానే మనకు లంచం, కోట్లు గుర్తొస్తాయి. అవి లేకుండానూ ఇది ఉంటుంది. మన రాష్ట్రంలోనే జరిగినది చూడండి. హైదరాబాద్ క్రికెట్ సంఘాన్ని చక్కదిద్దమని సుప్రీంకోర్టు 2023లో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుకు అప్పగిస్తే, ఆయన 57 క్లబ్బులను ఓటింగుకు దూరం పెట్టారు. క్లబ్బులు వేరువేరు, నడిపే చేతులు మాత్రం అవే కొన్ని అన్నది కారణం. 2025 ఏప్రిల్‌లో ఆ సంఘం అంబుడ్స్‌మన్ జస్టిస్ వి. ఈశ్వరయ్య ఉప్పల్ స్టేడియం నార్త్ స్టాండుకున్న అజారుద్దీన్ పేరు తీసేయమన్నారు. స్టాండుకు ఆ పేరు పెట్టాలని 2019లో తీర్మానించిన సమావేశంలో అధ్యక్ష స్థానంలో ఉన్నది అజారుద్దీనే. ఆ ఆదేశాన్ని హైకోర్టు నిలిపివేసింది, అది వేరే సంగతి. 99 టెస్టులు ఆడిన మనిషి పేరు ఒక స్టాండుకు తగదని నేననను. కానీ ఆ ఒక్క అంశం వచ్చినప్పుడు ఆయన లేచి బయటికి వెళ్లి, మిగతావాళ్లు తీర్మానం చేసి ఉంటే? అదే పేరు, అదే గోడ మీద, ఈ రచ్చ లేకుండా ఉండేది.

ఇంకా పైకి పోతే బీసీసీఐ. ఐపీఎల్ మొదలైన 2008లోనే బోర్డు పెద్దలకు టీములుండొచ్చని రూలు మార్చుకున్నారు. 2015 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణ కొట్టేసింది. ఆరేళ్లకు పైనే పట్టింది. అన్నేళ్లూ అక్కడ కూర్చున్న సభ్యులంతా ఏం చేసినట్టు?

‘మాది చిన్న సంఘం సార్, డబ్బెక్కడుంది’ అంటారు మనవాళ్లు. నిజమే. బోర్డులు కార్యదర్శి బావమరిది దుకాణంలో కొంటే బహుశా బయటికన్నా చవకగానే వచ్చి ఉంటాయి. చిన్న ఊళ్లో కోచ్, ఆర్బిటర్, సెలెక్టర్, దాత అందరూ ఆ నలుగురే అవుతారు, తప్పదు. చుట్టరికం ఉండటం నేరం కాదు. ఉన్న సంగతి ముందే చెప్పి, ఆ విషయం వరకు పక్కకు జరగకపోవడమే తప్పు. ఇదేమీ ఢిల్లీ నుంచి దిగిన నీతి కాదు. పంచాయతీతో సొంత కాంట్రాక్టు ఉంటే వార్డు సభ్యత్వానికే అనర్హత అని మన పంచాయతీరాజ్ చట్టం చెప్తుంది. కంపెనీ డైరెక్టరు తనకు లాభమున్న ఒప్పందం చర్చకొస్తే సంగతి చెప్పి, ఆ చర్చలో పాల్గొనకూడదని 2013 కంపెనీల చట్టం. చెస్‌లోనైతే ఏర్పాటు ఇంకా ముందే ఉంది. పెద్ద టోర్నమెంట్లలో అప్పీలు కమిటీకి రిజర్వు సభ్యులను ముందే పెట్టుకుంటారు, ఎవరికైనా సంబంధమున్న కేసు వస్తే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడానికి. మనం ఆటను తెచ్చుకున్నాం, ఈ అలవాటును మాత్రం అక్కడే వదిలేశాం.

ఎందుకు వదిలేశామంటే మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత చెప్పనే చెప్పింది, ఇక్కడ పూర్తిగా రాయలేను. సర్వసభ్య సమావేశంలో లెక్కలు గబగబా చదివేస్తారు, చప్పట్లు కొడతాం, టిఫిన్ తింటాం. బయట బండి స్టార్ట్ చేస్తూ మాత్రం గుసగుసలాడతాం. ఆ గుసగుసలో మరీ నీచమైన భాగం ఒకటుంది. మన పిల్ల జిల్లా జట్టులో ఉన్న ఏడాది నోరు విప్పం, లేని ఏడాది సెలెక్షన్ కుళ్లిపోయిందంటాం. సారు ఉచితంగా చేస్తున్నాడు కదా అని అడక్కపోవడం ఆయనకు గౌరవమిచ్చినట్టు కూడా కాదు. రేపు ఎవడో నిందేస్తే ఆయన పక్షాన చూపించడానికి ఒక్క కాగితం లేకుండా చేసి, ఆయన్ను ఒంటరిగా వదిలేసినట్టు.

మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాల్లో చెస్ నడిపే పెద్దలారా, పిల్లల్ని పంపే అమ్మానాన్నలారా, వచ్చే సర్వసభ్య సమావేశం దాకా ఆగితే చాలు, కోర్టు దాకా పోనక్కర్లేదు. కమిటీలో ఎవరికి కోచింగ్ సెంటరుంది, ఎవరి పిల్లలు ఆడుతున్నారు, ఎవరి దుకాణంతో లావాదేవీ ఉంది, ఒక్క పేజీలో రాయించి నోటీసు బోర్డుకు పెట్టించండి. తన శిష్యులున్న విభాగానికి ఆర్బిటర్‌గా పక్క జిల్లా మనిషిని పిలవండి, బస్సు ఛార్జీలు, భోజనం మనమే పెడదాం. సెలెక్షన్ చర్చలో ఎవరు లేచి బయటికి వెళ్లారో మినిట్స్‌లో పేరుతో సహా ఎక్కించమనండి. ఈ మాట ముందు అడగాల్సింది ఓడిన పిల్లల తల్లిదండ్రులు కాదు. ఈసారి జట్టులో ఎవరి పిల్లలున్నారో, వాళ్లే లేచి అడగాలి.