ధర్మాసుపత్రి డాక్టరంటే తక్కువా?

1929లో కాఠియావాడ్‌లో వొక అంటరాని బడిపంతులు భార్య బాలింతగా జబ్బుపడింది. రెండు రూపాయల ఫీజుకు పూచీ దొరికాకే డాక్టరు బయల్దేరాడు. వాడలోకి మాత్రం రానన్నాడు. ఆమెను వాడ బయటికి తీసుకొచ్చారు. డాక్టరు థర్మామీటరును వొక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. ఆ తల్లి బతకలేదు. అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఈ సంగతి రాసి పెట్టాడు. మేమూ బడిపంతుళ్లమే. అది చదివితే మాకిప్పటికీ నిద్ర పట్టదు.

ఇప్పుడు డాక్టరు వాడ బయట ఆగడు. అసలు రానే రాడు!

మా బడిలో చదివిన పిల్ల వొకతి ఎంబీబీఎస్ చేసి, వొక ఏరియా ఆసుపత్రిలో ఫ్యామిలీ మెడిసిన్ పీజీలో చేరింది. మొన్న ఫోన్ చేసి, "మాష్టారూ, వదిలేద్దామనుంది. కోటా పిల్లకి కోటా బ్రాంచి అంటున్నారు. మనోళ్లూ అదేం సీటమ్మా అంటున్నారు" అని ఏడ్చింది.

అదేం సీటో చెప్తాం. పురుడు పోయాలి. పసిబిడ్డ జొరం చూడాలి. కూలి తల్లి సుగరు, తండ్రి బీపీ, తాత దగ్గు, పాముకాటు, పురుగుమందు తాగిన రైతు, మనసు చెడిన కోడలు, అన్నీ ఆ చేతి మీదుగానే పోవాలి. ఏది తన వల్ల అవుతుందో, దేన్ని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలో తెలియాలి. వొక ఇంటి మూడు తరాల జబ్బుల్ని కలిపి చూడగలగాలి. దీనికి మూడేళ్ల చదువు కావాలి. గుండెకొకరు, మూత్రపిండానికొకరు ఉన్న ఈ దేశంలో మనిషిని మొత్తంగా చూసేవాడు తక్కువ వాడెట్లా అయ్యాడు? మనిషిని ముక్కలుగా, మెట్లుగా చూసే బుద్ధి వైద్యంలోకీ వొచ్చింది. అందుకే అయ్యాడు.

1946లో భోర్ కమిటీ పల్లెకూ పట్నానికీ వొకే స్థాయి డాక్టరు ఉండాలంది. లైసెన్షియేట్ చదువులు పోయాయి. డాక్టరు మాత్రం పల్లెకు రాలేదు. 2002 ఆరోగ్య విధానంలో కుటుంబ వైద్యం గురించి రాశారు. 2017 విధానంలో మళ్లీ రాశారు. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలోనూ రాశారు. రాయడానికేం, కాగితం అందరికీ లోకువే! 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 'ఫ్యామిలీ డాక్టర్' పథకం మొదలుపెట్టారు. పీహెచ్‌సీ డాక్టరుకు ఆ పేరిచ్చి ఊళ్లకు పంపారు. పేరిచ్చినంత తేలిగ్గా ఆ మూడేళ్ల చదువు ఇచ్చారా? 2021లో చేరినవాళ్ల నుంచీ పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్నారు. మంచిదే. కానీ పేదోడి జబ్బు మూడు నెలల్లో తెలిసేదా?

మనవాళ్లకూ వొక మాట. "మన పిల్లలకు ఈ బ్రాంచీలేనా?" అన్న కోపం న్యాయమైందే. ఆలిండియా కోటా పీజీ సీట్లలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ రావడానికే 2007 దాకా పట్టింది. గుండె వైద్యమూ మనకు కావాలి, మెదడు వైద్యమూ కావాలి. వాటికోసం కొట్లాడదాం. అయితే మన తల్లుల్ని చూసే చదువును పెత్తందార్ల నోటితో మనమే ఎందుకు తిట్టాలి? ఆ చదువు తక్కువ కాదు. దాన్ని తక్కువ చేసి మన పిల్లల నెత్తిన పెట్టడమే కుట్ర.

ఇంకో సంగతి. నైట్ డ్యూటీల పేరుతో ఎవరి నడుం విరుగుతోంది? రెసిడెంట్లకు ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 గంటలు మించొద్దని కేంద్రం 1992లోనే చెప్పింది. ఆ కాగితం ఏ గోడకు అంటించారు? ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల మీద వివక్షను థోరట్ కమిటీ 2007లోనే బయటపెట్టింది. పన్నెండేళ్ల తర్వాత ముంబైలో ఆదివాసీ పీజీ డాక్టరు పాయల్ తడ్వి ప్రాణం తీసుకుంది. సీనియర్లు కులం పేరుతో వేధించారని ఆమె తల్లి చెప్పింది. ఇంకెంతమంది తల్లులు చెప్పాలి?

మేం అడిగేవి ఇవి. ప్రతి జిల్లా, ఏరియా ఆసుపత్రిలో కుటుంబ వైద్యం పీజీ సీట్లు పెట్టాలి. ఏ బోర్డు సీటైనా, ఏ యాజమాన్యం సీటైనా రిజర్వేషన్ ఉండాలి. చదివినవాళ్లకు ఆ పేరుతోనే పర్మనెంటు పోస్టులు, ప్రమోషన్లు ఇవ్వాలి. స్టైపెండు నెలనెలా పడాలి. డ్యూటీ చార్టు గోడ మీద ఉండాలి. వేధింపులు విచారించే కమిటీలో బయటి దళితులు, ఆదివాసీలు కూర్చోవాలి.

ఆ పిల్లను ఓర్చుకొమ్మని మేం చెప్పలేదు. ఓర్పు పాఠం మన తాతలు చాలా చదివారు. "వొదలొద్దు, మేమొస్తున్నాం" అన్నాం. సంఘం నుంచి అయిదుగురం వెళ్లి సూపరింటెండెంటును డ్యూటీ చార్టు చూపించమన్నాం. "మీరెవరు?" అన్నాడు.

మీ మంచాల మీద పడుకునేవాళ్లం. మీ వార్డులు ఊడ్చేవాళ్లం. ఇకమీద మీ పక్కన నిలబడి స్టెతస్కోపు పెట్టేవాళ్లం.

చార్టు వొచ్చేదాకా మళ్లీ మళ్లీ వెళ్తాం. మీ ఊరి ఆసుపత్రికి మీరు వెళ్లండి.

జై భీమ్!