చెయ్యి ఎవరిది, పేరు ఎవరిది?

పోయిన అక్టోబరులో ఆల్బకర్కీ బెలూన్ ఫియెస్టాకి వెళ్ళొచ్చాం. 1972లో ఒక మాల్ పార్కింగ్ స్థలంలో 13 బెలూన్లతో మొదలైన సంబరం, ఇప్పుడు తెల్లారేసరికి ఆకాశం నిండా వందల బెలూన్లు. ఆ ముచ్చట్లు ఇంకో టపాలో. ఇది ఒక లాకెట్ మీద నా గోల.

ఊళ్ళో ఒక కొట్లో మా ఆవిడకి నచ్చింది. బెలూన్ ఆకారంలో చారల గాజుపూస, కింద బుట్టకి బదులు బుల్లి టర్కాయిస్ (న్యూమెక్సికో రాష్ట్ర రత్నం లెండి). 45 డాలర్లు. పక్కన చీటీ: "హ్యాండ్‌మేడ్ ఇన్ న్యూమెక్సికో". ఊరుకోక, పూస ఎలా చేశారండీ అని అడిగా. "పూసలు ఇండియా నుంచి ప్యాకెట్లలో వస్తాయి, మేం రాయి తగిలించి కొక్కెం పెడతాం" అంది, ఏ మొహమాటం లేకుండా!

అసలు కష్టం ఎక్కడుంది చెప్పండి? గాజు కడ్డీని మంటలో కరిగించి, పూత పూసిన చువ్వకి చుట్టాలి. తిప్పడం ఆపారా, కరిగిన గాజు ఓ పక్కకి జారిపోతుంది. చారలు ఒక్కొక్కటీ సన్నటి గాజు పోగుతో గీయాలి. తర్వాత నిదానంగా చల్లార్చాలి, తొందరపడితే లోపల ఒత్తిడి మిగిలిపోయి ఎప్పుడో పుటుక్కుమంటుంది. కొక్కేనికి ఎంతసేపు? రెండు నిమిషాలు.

ఈ మంట పని ఉత్తరప్రదేశ్‌లోని పుర్దిల్‌నగర్‌లో ఇంటింటా చేస్తారు. మన తిరుపతి దగ్గర పాపానాయుడుపేట కూడా పూసలకి పేరున్న ఊరే, కాకపోతే అక్కడ గాజుని సన్నటి గొట్టంలా లాగి ముక్కలు కోస్తారు. వీళ్ళవి చేతులు కావా?

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నగల మార్గదర్శకాల ప్రకారం, ముడిసరుకు నుంచి ఆకారం ఇవ్వడం దగ్గర్నుంచి తుది మెరుగుల దాకా చేతిపనైతేనే హ్యాండ్‌మేడ్ అనాలి. ఆ లెక్కన పూస హ్యాండ్‌మేడే. "ఇన్ న్యూమెక్సికో" దగ్గరే పేచీ.

డిజైన్ ఆవిడదే కదా అంటారు. సరే, ఆ మాటే రాయమనండి: డిజైన్ ఇక్కడ, పూస ఇండియాలో. ఎవరో రాసిన ఓపెన్ సోర్స్ కోడ్ తెచ్చి, పైన ఒక బటన్ పెట్టి, కింద రాసినవాడి పేరు చెరిపేస్తే మనం ఊరుకుంటామా? లైసెన్సులు పట్టుకుని యుద్ధాలు చేస్తాం. పూసలు చేసేవాళ్ళకి లైసెన్సు ఫైలు కూడా లేదు.

ధర ఎక్కువని కాదు నా ఏడుపు. తన చేత్తో మంట దగ్గర కూర్చుని చేసేవాళ్ళు 90 డాలర్లు అడిగినా ఇస్తాను. వాళ్ళ పక్కనే ఈ చీటీ పెట్టి అమ్మితే దెబ్బ వాళ్ళకీ తగులుతుంది మరి.

ఇంతకీ కొన్నారా అంటే, కొన్నాం. మా ఆవిడకి నచ్చాక నా వాదన ఎవరిక్కావాలి.