పాత యద్దకపు బట్టలు, అచ్చుదిమ్మెలు



ఇంటి యలంకారమునకై పాతవస్తువులు సేకరించుట యిప్పుడు మన పట్టణములలో వేడుకగా నున్నది. గుడివాడలో మా బంధువుల యింట ముందుగదిగోడకు టేకు దిమ్మెలు వరుసగా వ్రేలాడుచుండగా చూచితిని. అవి పెడన యద్దకమువారి యచ్చులు. చూపునకు ముచ్చటగనే యున్నవి. కాని వానిలో రెండింటి చెక్కడము చెక్కుచెదరక, గీతలింకను వాడిగనే యున్నవి. అవి యరిగిపోయి మూలబడినవి కావు, పనిచేయు చేతినుండి వచ్చినవి. అందుచేత నీ మాసము దీనినిగూర్చి వ్రాయుచున్నాను.

అద్దకపుపని చూడనివారికి కొంత చెప్పవలయును. మచిలీపట్నమునకు చేరువనున్న పెడనలో నూలుబట్టను కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి యారవేయుదురు. పాలలోని వెన్న రంగును ప్రక్కలకు ప్రాకనీయదు. త్రుప్పుపట్టిన యినుమును బెల్లపునీట నూరవేసి, ఆ నీటితో నల్లగీతల నద్దుదురు. ఎఱ్ఱన కావలసినచోట పటికనీటి నద్దుదురు. పటిక బట్టకు రంగునీయదు, రంగును పట్టుకొనును. పూర్వము చిరివేరుతో, నేడు చాలచోట్ల అలిజరినుతో బట్టను కాచినపుడే యెఱుపు తేలును. గీతకొక దిమ్మె, లోపలి రంగులకు వేరువేరు దిమ్మెలు. ఒక్క పువ్వునకు మూడు నాలుగు దిమ్మెలైనను కావలయును. వానిలో నొకటి మన గోడకెక్కినచో తక్కినవి జతతప్పి వ్యర్థములగును. ఆ పువ్వు మరల బట్టమీద పూయదు.

ఈ బట్టలు గోల్కొండ సుల్తానులనాడే పారసీకదేశమునకు పోయెడివి. ఇంగ్లీషు కుంపిణీవారు 1611లో మచిలీపట్నమున వర్తకము మొదలిడిరి. మన దేశపు రంగుబట్టల మోజునకు వెఱచి ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో వానిని నిషేధించెను! నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో కోరమండలతీరపు పాతబట్టలు చూడవచ్చును గాని మన యిండ్లలో వెదకిన నొక ముక్క దొరకుట యరుదు. కట్టినబట్ట చినుగును గదా. దానికితోడు సముద్రము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుమీదికి వచ్చిన యుప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన యుప్పెన 10,000 మందికి పైగా ప్రాణములు గొనెను. మనుష్యులే నిలువని చోట భోషాణములోని బట్ట నిలుచునా? అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతములలో నెవరియింటనైనను అమ్మమ్మనాటి యద్దకపు దుప్పటి మిగిలియున్నచో, పాతబట్టలకు స్టీలుగిన్నెలిచ్చు వానికి దానిని వేయకుడు.

అట్టిబట్టను దాచుటలో నొక్క సంగతి తెలిసికొనవలయును. ముందుగా శిథిలమగునది నల్లగీత. అందలి యినుము కాలక్రమమున నూలును తినివేయును. పువ్వు నిలిచియుండగనే గీత రాలిపోవును. కావున పాతబట్టను ఉదుకవలదు, ఇస్త్రీ చేయవలదు, గంజి యసలే పెట్టవలదు, గంజిరుచికి పురుగు చేరును. మడతపెట్టినచో మడతవెంబడి చినుగును గావున, తెల్లని పాతచీర చుట్టిన కఱ్ఱకు దీనిని వదులుగా చుట్టియుంచుడు. వసకొమ్ములు మూటగట్టి పెట్టెలో నొకమూలనుంచిన చాలును, బట్టకు తగులనీయకుడు. గోడకు కట్టదలచిన యెండతగులని గోడకే కట్టుడు. దానిమ్మబెరడుతో వేసిన పసుపురంగు ఎండకు త్వరగా వెలయును. మన తీరపు తేమకు బూజు పట్టకుండ వానకాలము గడచినపిమ్మట నొకసారి నీడను ఆరబెట్టవలయును.

కొనునపుడు పరీక్షయు కలదు. దిమ్మెతో నద్దినబట్టలో అచ్చునకు అచ్చు కలియుచోట కొంచెము తప్పో, ఒక్క వెండ్రుకవాసి యెడమో కనబడును. స్క్రీనుతో వేసినది ఆద్యంతము ఒక్కతీరుగ నుండును. స్క్రీనుబట్ట చెడ్డదని నేననను. ధర తక్కువ, రోజువారీ వాడుకకు చాలును. దానిని చేతియద్దకమని చెప్పి హెచ్చుధర కమ్ముటయే తప్పు. దిమ్మెల విషయమున పిడిని చూడుడు. ఏండ్లతరబడి అరచేయి తగిలిన పిడి నునుపెక్కును, చెక్కడపు లోతులలో రంగు గట్టిపడియుండును. పైన నలుపు పూసి పిడి గరుకుగా నున్నదానికి పాతదాని ధర నీయకుడు.

అమెరికాలోని కూతురు తన యింటికొక పాత దిమ్మెను పంపుమని కోరుటయు కలదు. 1972 నాటి పురావస్తు చట్టము ననుసరించి నూరేండ్లు దాటిన కళావస్తువును మనంతట మనము విదేశములకు పంపరాదు. వ్రాతప్రతులకైతే 75 ఏండ్లే. కావున తాతగారి తాళపత్రములను గూడ పెట్టెలో సర్దకుడు.

మరి గోడకు దిమ్మె వలదా యని యడుగుదురేమో. అంచులు విఱిగి గీత పడని దిమ్మె దొరకినచో సంతోషముగ తీసికొనుడు. తీసికొనుటకు ముందు అది యే జతలోనిదో, ఆ జత యింకను పనిలోనున్నదో యడుగుడు. దొరకనిచో దిమ్మెలు చెక్కువారిచేత క్రొత్తది చెక్కించుకొనుడు. దుకాణములోని పాతదిమ్మెకు మనమిచ్చు ధరలో ఆ పనివానికి చేరున దేమియు లేదు. క్రొత్తదాని కూలి మాత్రము నేరుగ నతని చేతికే పోవును. చెక్కినవాని పేరు, ఊరు, సంవత్సరము చిన్నచీటిపై వ్రాసి పిడికి దారముతో కట్టుడు.